చిక్కిపోయిన అమ్మవారు

నంద్యాలలో నా కొట్టుకొచ్చే పదిమందిలో ఆరుగురు అడిగేది ఒకటే మాట. "బాషన్నా, ట్యాబ్ తీసుకుందునా, ల్యాప్‌టాప్ తీసుకుందునా?" ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు విప్పి బిగిస్తున్నాను. ఈ ప్రశ్న విని విని విసుగు పుట్టింది. పిల్లకాయ చదువుకని ఒకరు, టీవీ సీరియళ్లకని ఒకరు, ఊరికే పక్కింటివాళ్లు కొన్నారని ఒకరు. అడగడమైతే అడుగుతారు, వినేది మాత్రం బావమరిది మాట.

ఒకప్పుడు దీనికి నా దగ్గర తయారుగా ఒక జవాబుండేది. "చూసేవాడికి ట్యాబ్, చేసేవాడికి ల్యాప్‌టాప్" అనేవాణ్ణి. ఎంత బాగా చెప్పాడో అన్నట్టు జనం తలూపేవాళ్లు. నాకూ లోపల కొంచెం పొగరుగానే ఉండేది. ఇప్పుడు "నీ ఇష్టమప్పా" అని ఊరుకుంటున్నాను. వచ్చిన బేరం చేతులారా పోగొట్టుకుంటున్నానని మా ఆవిడ ఫాతిమా సణుగుతుంది. సణగనీ. ఆ జవాబు నా నోట్లోంచి ఎందుకు పోయిందో తెలియాలంటే ఆళ్లగడ్డ కొండయ్య సంగతి తెలియాలి.

కొండయ్య శిల్పి. అరవై రెండేళ్ల మనిషి. ఆళ్లగడ్డలో అహోబిలం పోయే దారిపక్కన రేకుల షెడ్డు, దాని వెనకే రెండు గదుల ఇల్లు. నలభై ఏళ్లుగా అక్కడే కూర్చుని దేవుళ్లను చెక్కుతున్నాడు. మనిషి సన్నం, మాట మొరటు. ఉలితో రెండు దెబ్బలు వేయడం, నోటితో ఉఫ్ మని ఊదడం, అరచేత్తో రాతిని తుడవడం. మళ్లీ రెండు దెబ్బలు. ఇదీ ఆయన బతుకు. అన్నం తినేటప్పుడు కూడా కంచం అంచును అరచేత్తో ఒకసారి తుడిచేవాడు. ఆ అలవాటు చూసి నేను ఎన్నిసార్లో నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

భార్య పోయి ఆరేళ్లయింది. ఉన్నది ఒక్క కూతురు పూర్ణిమ. డిప్లొమా చదివింది. ఉలి పట్టలేదు గానీ, కంప్యూటర్లో బొమ్మ గీయడంలో దాన్ని మించినవాళ్లు ఆ దారిలో ఏ షెడ్డులోనూ లేరు. ఎవరైనా విగ్రహం కావాలని వస్తే, తండ్రి చెప్పే లెక్క ప్రకారం గీసేది. అమ్మవారైతే ముఖం ఎంతో, మొత్తం ఎత్తు దానికి తొమ్మిదింతలు. అదీ వాళ్ల లెక్క. గీశాక ప్రతి గీత పక్కన రాతిమీద ఎన్ని అంగుళాలో అంకె వేసేది. తర్వాత షెడ్డు గుమ్మంలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క అంకె గట్టిగా చదివేది. కొండయ్య ఆ అంకెను తిరిగి అని, ఎర్రరంగుతో రాతిమీద గుర్తు పెట్టుకునేవాడు. ఒకరు చదవడం, ఒకరు గీయడం. నేను పోయిన ప్రతిసారీ అదే వినబడేది, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు.

చిక్కల్లా దుమ్ముతోనే. గుమ్మంలో కూర్చున్నా రాతిపొడి ల్యాప్‌టాప్‌ను వదిలేది కాదు. రెండు నెలలకొకసారి తండ్రీ కూతుళ్లు బస్సెక్కి నా కొట్టుకు వచ్చేవాళ్లు. విప్పితే లోపలి ఫ్యాను చుట్టూ బూడిదరంగు పిండి.

"ఏందన్నా, దీంట్లో పిండిమర నడిపిస్తాండావా?" అనేవాణ్ణి.

"దానికీ నాకూ ఒకటే రోగమప్పా. దుమ్ము తిని దగ్గుతాండాం," అనేవాడు కొండయ్య.

మూడోసారి తెచ్చినప్పుడు బోర్డే కాలిపోయింది. ఇక బాగుపడదని చెప్పేశాను. అప్పుడిచ్చాను నా గొప్ప సలహా.

"అన్నా, దీనికి ఫ్యానుండాది. ఫ్యానుండాదంటే బొక్కలుంటాయి, బొక్కలుంటే దుమ్ము పోతాది. ట్యాబ్‌కు ఫ్యాను ల్యాదు, బొక్కల్యావు. దుమ్ము పడితే తుడిచి పెట్టుకో, అయిపాయె."

పూర్ణిమ ఒప్పుకోలేదు. "మామా, దాంట్లో నాకు చెయ్యాడదు. పెద్ద బొమ్మ గీయాలన్నా, అంకెలు కొట్టాలన్నా ల్యాప్‌టాపే మేలు."

"గీసేది నువ్వు పాపా, చూసేది మీ నాయన. చూసేటోనికి ట్యాబ్, చేసేటోనికి ల్యాప్‌టాప్."

"నేను జేసేటోన్ని గాదా అప్పా?" అన్నాడు కొండయ్య. ముగ్గురం నవ్వుకున్నాం.

నవ్వాక ఆయన ట్యాబ్‌ను చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. "ఈ అద్దం బిళ్లను నమ్మి రాయి కొట్టల్లనా?"

"నీ కండ్లన్నా తప్పు జెప్తాయేమో గానీ అన్నా, ఇది జెప్పదు. ఇది జెప్పిందే లెక్క."

ఆ మాట నాదే. ఎవరిమీదా తోసేది లేదు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో ట్యాబ్ బాగానే పనికొచ్చింది. షెడ్డు నిండా దుమ్ము రేగుతున్నా దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. కరెంటు పోయినా పొద్దంతా నడిచేది. పూర్ణిమ గీసి, అంకెలు వేసి, బొమ్మను తెరకు సరిగ్గా పట్టేటట్టు నిలబెట్టి ఇచ్చేది. కొండయ్య దాన్ని రాతికి ఆనించుకుని పని చేసుకునేవాడు. గుమ్మంలో కూర్చుని చదివేవాళ్ల అవసరం లేకుండా పోయింది. దాంతో పూర్ణిమ నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో ఉద్యోగానికి చేరింది. అక్కడ దానికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. హాస్టల్లో ఉంటూ ఆదివారాలు ఇంటికి పోయి వచ్చేది. "నువ్వు జెప్పినట్టే అయింది మామా, నాయనకు అదీ, నాకు ఇదీ," అంది ఒకరోజు కొట్టు ముందు ఆగి. ఆ పిల్ల ముఖంలో అంత తేటదనం నేను ఎప్పుడూ చూడలేదు. నా సలహా ఒక ఇంటిని నిలబెట్టిందని ఫాతిమాతో చెప్పుకున్నాను కూడా.

వైశాఖం ఎండల్లో ఒక పొద్దున్నే కొండయ్య ఫోన్ చేశాడు.

"బాషా, ఒకపారి రాప్పా. బేగా రా."

"ఏమైందన్నా? ఆన్ కాల్యాదా?"

"ఫోన్లో జెప్పేది గాదు. రా."

కొట్టు మూసి బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా నిలబడే పోయాను, మోకాళ్లు పీకాయి. ఈ వయసులో ఒక ట్యాబ్ కోసం ఎండలో ఈ తిరుగుడేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

షెడ్డులో నల్లరాతి అమ్మవారు నిలబడి ఉంది. ప్యాపిలి దిక్కు ఒక ఊళ్లో కొత్తగా కట్టిన గుడికి మహాలక్ష్మి. నాలుగున్నర అడుగులు. గుడి వాకిలి ఎత్తును బట్టి అమ్మవారి ఎత్తు ముందే ఖాయం చేశారు. అందులో వేలెడు తగ్గడానికి వీల్లేదు. శ్రావణ మాసంలో ప్రతిష్ఠ. ముహూర్తం పెట్టేశారు, కార్డులు కూడా కొట్టించేశారు. కొండయ్య చేతిలో ఉన్నది ఇంకా రెండున్నర నెలలు.

"దూరం పోయి నిలబడి జూడు," అన్నాడు.

చూశాను. నాకు శిల్పం తెలియదు. మా మతంలో విగ్రహం ఊసే లేదు. అయినా ఏదో తేడా ఉన్నట్టు కనబడింది. ఎత్తు ఉంది గానీ భుజాలు లేవు. జ్వరం పడి లేచిన ఆడమనిషిలా ఉంది.

"అమ్మ చిక్కిపాయె గదప్పా," అన్నాడు కొండయ్య.

రాతిని ఎక్కువ ఉంచితే మళ్లీ తీయొచ్చు, ఎక్కువ తీస్తే మళ్లీ పెట్టలేరు. రెండు పక్కలా అంగుళం పైచిలుకు లేచిపోయింది. ఆ విగ్రహం ఇక గుడికి పనికిరాదు. పనికిరాని రాతిని ముఖం గోడవైపు తిప్పి నిలబెట్టడం ఆయన పద్ధతి. నలభై ఏళ్లలో ఆ గోడకు రెండే రాళ్లున్నాయి. రెండూ చిన్ననాటివి, పని నేర్చుకునేటప్పటివి.

ట్యాబ్ అందుకుని చూశాను. బొమ్మ బాగానే ఉంది, కానీ తెరకు సరిగ్గా పట్టినట్టు లేదు. చుట్టూ కొంచెం ఖాళీ. నాకు వెంటనే తట్టింది. దుమ్ము పడిందని ఆయన అరచేత్తో తుడిచాడు. రాతిని తుడిచినట్టే. ఏ రెండు వేళ్లు ఎట్లా తగిలాయో, బొమ్మ కొంచెం చిన్నదైపోయింది. ఎత్తులు మొదటిరోజు కొలుచుకున్నాడు, సరిపోయాయి. వెడల్పులు తర్వాతి రోజు కొలిచాడు, తగ్గాయి. ల్యాప్‌టాప్ తెరను ఎంత తుడిచినా బొమ్మ కదిలేది కాదు. తుడిచి పెట్టుకోమని చెప్పిన పెద్దమనిషిని నేనే.

అయినా ఒకటి మాత్రం అర్థం కాలేదు. బొమ్మ చిన్నదైతే మాత్రమేం? పక్కన అంకెలున్నాయి కదా. బొమ్మ ఎంత కుంచించుకుపోయినా పదమూడు అంగుళాలని రాసినచోట పదమూడే ఉంటుంది.

తెరను వెలుతురుకు ఏటవాలుగా పట్టాను. గీతలు పడకుండా పైన అతికించిన అద్దం మీద, భుజాల దగ్గర, నడుం దగ్గర, సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు. రెండేసి, రెండేసి.

"కంపాసుతో కొలిచినావా అన్నా? తెరమింద?"

"తెరమింద అంగుళం రాతిమింద ఆరంగుళాలని పూర్ణిమ యమ్మి జెప్పిండె. తెరమింద కొలిచిన కంపాసుతో రాతిమింద ఆరు అడుగులేస్తే సరిపోతాది."

"అంకెలు రాసుండాయి గదన్నా. కంపాసెందుకు?"

కొండయ్య ఉలి తీసి పక్కన పెట్టాడు, మళ్లీ తీశాడు.

"కనబడల్యా?" అన్నాను.

"కనబడల్యా."

ఆ తర్వాత ఆయనే చెప్పాడు. పోయినేటి ఉగాది నుంచి కళ్లలో పొర. ముందు కుడికన్ను, ఇప్పుడు రెండూ. పొగలోంచి చూసినట్టుందట. లావు గీత తెలుస్తుంది, సన్నటి అంకె తెలియదు. వేళ్లతో పెద్దది చేసుకుందామంటే బొమ్మ కదులుతుందని భయం. పూర్ణిమకు ఇవేవీ తెలియవు. "ఆ యమ్మి సదువుతాంటే నేను చెవులతో పని జేస్తాంటి. కండ్లతో నాకేం పని?" అన్నాడు.

"పద, నంద్యాలలో సూపిద్దాం. పొర తీసేదెంత సేపన్నా?"

"తీసినాక నెలా రెణ్ణెల్లు దుమ్ము దిక్కు పోగూడదంటారు. ఈ అమ్మను ఎవురు జెక్కుతారు? మీ తాతనా?"

నాకు కోపమొచ్చింది. మరేం చేద్దామనుకుంటున్నావని గట్టిగానే అడిగాను. దానికీ జవాబు తయారుగానే ఉంచుకున్నాడు. ప్యాపిలి వాళ్లకు అప్పటికే ఫోన్ చేసి చెప్పేశాడట, రాయి చెడింది, వేరే రాతిమీద మళ్లీ మొదలుపెడతానని. వాళ్లు ముహూర్తం మారదని మాత్రం అన్నారు. రాయి కూడా వచ్చేసింది, షెడ్డు బయట పడి ఉంది. ఇక ఆయనకు కావలసింది ఒక్కటే. పూర్ణిమకు కళ్ల సంగతి తెలియకూడదు.

"తెలిస్తే రేపే ఉద్యోగం ఇడ్సిపెట్టి వస్తాది. వచ్చి ఈ గుమ్మంలో కూసుంటాది. నేను తిన్న దుమ్ము సాలప్పా. ఆ యమ్మి తినగూడదు. ఆ బిళ్లదే తప్పని జెప్పు."

ఇరవై రెండేళ్లలో నేను అమ్మిన వస్తువుది తప్పని నా నోటితో ఎవరికీ చెప్పలేదు. ఈసారి సరేనన్నాను. కానీ ఒక షరతు పెట్టాను. ప్రతిష్ఠ అయిన మూడోరోజు నాతో కళ్ల ఆస్పత్రికి రావాలి, నా గడ్డం మీద ఒట్టు వేయాలి.

"నీ గడ్డం తెల్లగైందప్పా. నాకు సరిగా కనబడేది అదొక్కటే," అని ఒట్టు వేశాడు.

చుక్కలు పడిన అద్దాన్ని తెరమీదనుంచి ఊడదీసి నా సంచిలో వేసుకున్నాను. కొత్తది అతికించాను. బొమ్మను తెరకు సరిచేసి, వేలు తగిలినా కదలకుండా కట్టడి పెట్టాను. ఆ కట్టడి పెట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అమ్మిన రోజే ఎందుకు పెట్టలేదని మీరు అడగొద్దు, ఇప్పటికే నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను.

సోమవారం సాయంత్రం పూర్ణిమ ఆఫీసు నుంచి నేరుగా కొట్టుకు వచ్చింది. ఆదివారం ఇంటికి పోయి గోడవైపు తిరిగిన అమ్మవారిని చూసి, అలవాటుకొద్దీ కంపాసు పెట్టానని, తుడిస్తే బొమ్మ చిన్నదైందని తండ్రి చెప్పింది విని వచ్చిందన్నమాట. కొట్టులో ముగ్గురు గిరాకీలున్నారు. అది ఎవరినీ చూడలేదు.

"తుడిస్తే కొలత మారేదాన్ని రాతిపని మనిషికి ఎవురన్నా ఇస్తారా మామా? నేను వద్దంటి. నువ్వినల్యా. నలభై యేండ్లు మా నాయన సేతిమీద ఒక్క మాట రాల్యా. ఇప్పుడు దావంటి పోయే ప్రతివాడూ ఆ గోడకాడ నిలబడి జూసి పోతాండాడు."

"తప్పు నాదే పాపా."

"తప్పు నాదే అంటే ఆ రాయి మళ్ల అతుక్కుంటాదా?"

గిరాకీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకతను మెల్లగా లేచి పోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మీ నాయనకు కళ్లు కనబడటం లేదే పిచ్చిదానా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నేను ఉద్యోగం మానేసి ఇంటికి పోతా. పక్కన కూసుని సదువుతా," అంది. అంటూనే కళ్లు తుడుచుకుంది.

"వద్దు. ఇంక బొమ్మ కదలదు, కట్టడి పెట్టినా. శుక్రవారం కొట్టుకు సెలవే కదా. నేనే పోయి దగ్గరుండి చూసుకుంటా. నా తప్పు నన్ను దిద్దుకోనీ."

సంచి భుజాన వేసుకుని హాస్టల్ దిక్కు వెళ్లిపోయింది.

ఆ తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. కొత్త అమ్మవారు ముహూర్తానికి గుడి చేరింది. కొండయ్య ఒట్టు తప్పలేదు, రెండు కళ్లకూ పొర తీశారు. ఆపరేషన్ నాడు పూర్ణిమకు తెలియక తప్పలేదు గానీ, పొర కొత్తగా వచ్చిందని ఆయన బొంకాడు, నేను తలూపాను. అది ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉంది. ఇప్పటికీ నామీద కోపంగానే ఉంది. అదంతా ఒక ఎత్తు. నేను చెప్పాలనుకున్నది ఆ మొదటి శుక్రవారం సంగతి.

పొద్దున్నే పోయి, మధ్యాహ్నం ఆళ్లగడ్డ మసీదులో నమాజు చేసుకుని, మళ్లీ షెడ్డుకు వచ్చి కూర్చున్నాను. పూర్ణిమ కూర్చునే గుమ్మంలోనే. తలమీద టోపీ తీయడం కూడా మరిచిపోయాను. ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు అంచుల దగ్గరే ఉంచి, అంకెలు చదువుతున్నాను. ఎత్తులన్నీ పొద్దున్నే అయిపోయాయి. ఇక వెడల్పులు.

"ముఖం, ఇంత," అంటే ఆయన ఆ అంకెను తిరిగి అని గుర్తు పెడుతున్నాడు. రేకుల కింద ఉడికిపోతోంది. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.

"భుజాలు, పదకొండు," అన్నాను.

కొండయ్య తిరిగి అనలేదు. చేతిలో కుంచె ఆగింది.

"యాడిది అది?"

"భుజాలన్నా."

"గాదు. పదమూడుండల్ల. మళ్ల జూడు."

కళ్లజోడు సర్దుకుని చూశాను. నేను ఒక గీత కిందిది చదివాను. పదకొండు రొమ్ముది. భుజాల దగ్గర పదమూడే ఉంది. ముందు నవ్వొచ్చింది. కళ్లున్నవాడు తప్పు చదివితే లేనివాడు దిద్దాడు.

"చూడకుండా నీకెట్ల తెలిసెనన్నా?"

"ఎన్ని భుజాలు జెక్కింటానప్పా. సేతికి దెల్దా?"

"మరి ఆ పొద్దు యాడికి పోయింది నీ సెయ్యి?" అన్నాను, వేళాకోళానికి.

ఆయన రాతిని అరచేత్తో తుడిచాడు. అక్కడ ఇంకా దుమ్మే లేదు.

"ఆ పొద్దు గూడా జెప్పింది. మొదటి దెబ్బలకే జెప్పింది, సన్నమైతాందని. ఆపినా. పోయి ఆ బిళ్లమింద మళ్ల కొలిచినా. అదే వచ్చె. ఇంగోపారి కొలిచినా. అదే. నీ కండ్లు తప్పు జెప్తాయి, ఇది జెప్పదంటివి గదప్పా నువ్వు. కండ్లు ఎట్లా పాయె, సెయ్యి గూడా ముసల్దై పోయిందేమో అనుకుంటి. కొట్టేస్తి."

తిట్టినట్టు కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

వారమంతా పెద్ద త్యాగం చేసినట్టు, స్నేహితుడి కోసం నింద మోస్తున్నట్టు లోలోపల గొప్పపడుతూ తిరిగాను. పూర్ణిమతో తప్పు నాదేనని చెప్పినప్పుడు అబద్ధమాడుతున్నాననుకున్నాను. ఎదురుగా, గోడ దగ్గర, చిక్కిపోయిన అమ్మవారి వీపు కనబడుతోంది.

"సదువప్పా," అన్నాడు కొండయ్య. "పొద్దు పోతాంది."

"రొమ్ము," అన్నాను. గీత మళ్లీ ఒకసారి చూసుకున్నాను. "పదకొండు. సరిపోయిందా అన్నా?"

ఆయన వెంటనే గీయలేదు. అరచేతిని రాతిమీద ఆ చివరనుంచి ఈ చివరకు మెల్లగా జరిపి చూసుకున్నాడు. తలూపాడు. తర్వాత గీత గీశాడు.